సూది మేస్త్రీ సణగని పూట

సూది మేస్త్రీ దుప్పటి కింద చెయ్యి పెట్టి, పొట్ట పక్కనుంచి బయటికి వచ్చే గొట్టాన్ని తడిమాడు. వెచ్చగా తగిలింది. దుప్పటి ఎత్తి చూస్తే, నిన్నటిదాకా పచ్చటి నీళ్లు దిగిన గొట్టంలో ఎర్రటి చార. మంచానికి వేలాడే సంచి అడుగునా అదే ఎరుపు.

"దీని దుంపతెగ! ఇవాళే రావాలా నువ్వు?" అన్నాడు నెత్తురుతో.

క్లోమంలో గడ్డ తీసేశారు, రేపు ఇంటికి పంపిస్తామన్నారు. ఇది కనబడిందంటే తనను ఈ మంచానికే కుట్టేస్తారు. సంచిని గోడవైపు జరిపి, దుప్పటి అంచు దానిమీదికి లాగాడు.

డిపోలో బస్సు సీట్లు కుట్టడం ఆయన పని. జనం ఏమీ తోచక వేలు పెట్టి చింపిన రెక్సిన్‌ను తిడుతూ తిడుతూనే కుట్టేవాడు. దారం నాసిరకం, టీ చల్లారింది, కొత్త డ్రైవర్లకు సీట్లో కూర్చోవడమే రాదు. చేతిలోదీ సూదే, నోట్లోదీ సూదే అని డిపోవాళ్లు ఆ పేరు పెట్టారు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు, ఫ్యాను మోత, తలుపు కిర్రు. ఆ సణుగుడులో కడుపునొప్పి కూడా కలిసిపోయి, చాలాకాలం ఎవరూ చెవిన పెట్టలేదు. అది తలుచుకుంటే ఆయనకు ఒళ్లు మండిపోయేది.

భార్య ఆసుపత్రి జావ తెచ్చింది. తిట్లు వినడానికి సిద్ధపడే చెంచా అందించింది. ఆయన రెండు చెంచాలు మింగి, "బావుంది," అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన నోట ఆ మాట వినలేదు.

"ఏమైందండీ?"

"ఏమవుతుంది? బావున్నదాన్ని బావుందన్నా తప్పేనా?"

"దుప్పటి తియ్యండి."

"చలిగా ఉందే."

"చెమటలు కారుతుంటే చలేమిటి!"

లాగేసింది. చూసింది. "అయినదానికీ కానిదానికీ అరిచే మనిషి, అరవాల్సినప్పుడు నోరు కుట్టుకుంటారా?" అంటూ నర్సు కోసం పరుగెత్తింది.

నర్సు వచ్చేసరికి ఎరుపు పలచబడింది. "చూశావా, ఆగిపోయింది! ఊరికే ఊరంతా లేపావు," అని మేస్త్రీ భార్యమీద ఎగిరాడు.

నర్సు పిలిస్తే వచ్చిన సర్జన్‌కు ఆ ఆగడమే నచ్చలేదు. "లోపల కుట్టు దగ్గర కారే క్లోమరసం పక్కనున్న రక్తనాళాన్ని తినేస్తుంది, పెద్దాయనా. ముందు ఇలా కాస్త కారి ఆగుతుంది. తర్వాత ఒక్కసారిగా తెగొచ్చు. స్కాన్ తీసి, ఆ నాళం మూసెయ్యాలి. ఎప్పట్నుంచి ఇలా?"

"తెల్లారినప్పట్నుంచీ," అన్నాడు మేస్త్రీ, గోడకేసి చూస్తూ.

స్ట్రెచర్ మీదికి మార్చేముందు నర్సు పళ్లసెట్టు తియ్యమంది. భార్య ఎదుట ఆయన ఎప్పుడూ తీసింది లేదు. మొహం పక్కకి తిప్పుకుని తీసిస్తే, ఆవిడ స్టీలు గ్లాసులో నీళ్లు పోసి వేసింది. బోసినోటితో కూడా ఊరుకోలేదు. స్ట్రెచర్ పరుపు తడిమి, "ఎవడు కుట్టాడే దీన్ని? చేతులతో కుట్టాడా, కాళ్లతోనా?"

"కాసేపు మాట్లాడకండి, మీకు దణ్ణం పెడతాను."

"చెప్పకపోతే తప్పంటావు, చెబితే తప్పంటావు. ఎలా చచ్చేదే నీతో?"

తలుపులు మూసుకున్నాయి.

స్కాన్ గదిలో ఉండగానే తెగింది. సీసాల కొద్దీ రక్తం ఎక్కిస్తూ థియేటర్‌కు పట్టుకెళ్లారు. ఎక్కించినదానికన్నా పోయేదే ఎక్కువైంది. మధ్యాహ్నం దాటాక సర్జన్ టోపీ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. ఆయన మొహం చూసే ఆవిడకు తెలిసిపోయింది.

"పొద్దున్నే చెప్పుంటే?" అంది.

"కాస్త వ్యవధి దొరికేదమ్మా. బతికేవారని మాత్రం చెప్పలేను."

ఆవిడకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "ఇన్నేళ్లూ నా చెవులు చిల్లులు పడేలా అరిచాడండీ. ఒక్క ఇవాళే... ఇవాళే నోరు మూసుకున్నాడు!" సర్జన్ వెళ్లిపోలేదు, ఆవిడ పక్కనే నిలబడ్డాడు.

వార్డుకు తిరిగొచ్చేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరిచేశారు. కిటికీ గట్టుమీద స్టీలు గ్లాసు అలాగే ఉంది. నీళ్ల అడుగున పళ్లసెట్టు, పై వరుసా కింది వరుసా ఎడమెడంగా.