గోల కింద గొంతు

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. చెవులను పూర్తిగా కప్పేసే నల్లటి రకం. నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో ఒకావిడ రోజంతా బల్ల ముందు కూర్చుని, నాలాంటివాటిని ఒక్కొక్కటిగా తలకు తగిలించుకునేది. కుడివైపు ఒక కూత, ఎడమవైపు ఒక కూత వినేది. తల ఊపి పక్కన పెట్టేది. నాలో పలికిన మొదటి శబ్దం ఆవిడ చెవిలోనే పలికింది. ఆవిడ ముఖంలో ఏ మార్పూ రాలేదు. తర్వాత నేను గడపబోయే బతుక్కి అది తగిన ప్రారంభమే.

ఓడెక్కి, లారీ ఎక్కి హైదరాబాదులో ఒక తెలుగు న్యూస్ చానల్‌కి చేరాను. మొదట స్పోర్ట్స్ డెస్కులో గిరిధర్ చేతికి ఇచ్చారు. అతను నన్ను చెవులకంటే మెడకే ఎక్కువ పెట్టుకునేవాడు. మిర్చి బజ్జీ తిన్న చేత్తోనే నన్ను సర్దుకునేవాడు. క్రికెట్ జనం అరుపులు నాలో హోరెత్తుతుంటే అతను హాయిగా ఆవులించేవాడు. వేరే చానల్‌లో జీతం ఎక్కువని వెళ్లిపోతూ నన్ను కుర్చీకి తగిలించి పోయాడు. నా కుషన్ మీద నూనె మరక మాత్రం మిగిలింది.

ఆ మరకను తడిగుడ్డతో తుడిచి నన్ను తీసుకున్న మనిషి సువార్త.

ముప్ఫై దాటిన మనిషి. సొంతూరు చీరాల. సువార్త అంటే మంచి కబురు. తండ్రి ప్రకాశరావు రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. కూతురికి ఆ పేరు పెట్టినప్పుడు, ఆమె పెద్దయ్యాక రోజంతా చెడ్డ కబుర్లు కత్తిరించి బతుకుతుందని ఆయనకెలా తెలుస్తుంది?

ఆమె పని వీడియో ఎడిటింగ్. బస్సు బోల్తా పడిన చోటునుంచి, మార్చురీ గేటు దగ్గరనుంచి రిపోర్టర్లు వీడియోలు పంపేవారు. వాటిలో ఎవరో ఒకరు మైకు ముందు నిలబడి మాట్లాడేవారు. దాన్ని వీళ్లు బైట్ అంటారు. పది నిమిషాల బైట్‌లోంచి పది సెకన్లు తీయాలి. ఏ పది సెకన్లు అన్నదానికి డెస్క్ ఇన్‌చార్జ్ పట్టాభి దగ్గర ఒకటే జవాబు ఉండేది.

"ఏడుపు దగ్గర కట్ చెయ్యమ్మా. మాటలు ఎటూ యాంకర్ చెప్తుంది."

పట్టాభి చెడ్డవాడని నేననను. ఎవరింట్లో పెళ్లయినా ముందు వెళ్లేది అతనే. అతని భయమల్లా ప్రతి వారం వచ్చే రేటింగుల గురించి. అవి తగ్గిన రోజున అతను అన్నం కూడా సరిగా తినేవాడు కాదు.

మొదట్లో సువార్త ఆ బైట్లు వింటూ ఏడ్చేది. నన్ను తలమీదనుంచి తీయకుండానే ఏడ్చేది, అందుకని కన్నీళ్లు చెంపల మీదుగా నా కుషన్లలోకి దిగేవి. తర్వాత బాత్‌రూమ్‌కి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చేది. క్రమంగా ఆ వెళ్లడం తగ్గింది. ఎప్పుడు పూర్తిగా ఆగిపోయిందో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. కుషన్లు పొడిగా ఉంటున్నాయని మాత్రం ఒకరోజు గమనించాను. అప్పటికి ఆమె చానల్‌లో అందరికంటే వేగంగా పనిచేసే ఎడిటర్ అని పేరు తెచ్చుకుంది.

ఒక మధ్యాహ్నం చీరాలనుంచి అక్క దీవెన ఫోన్ చేసింది. తండ్రికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరి వారంగా ఆస్పత్రిలో ఉన్నాడు. సువార్త ఆ సాయంత్రం రైలుకి టికెట్ తీసుకుని ఉంది.

"ఊపిరి అందట్లేదే. డాక్టరుగారు ఇంకేం లేదంటన్నారు. నువ్వొచ్చేదాకా ఉండడేమో. ఫోను నాన్న దగ్గర పెడతన్నా, మాట్లాడు."

సువార్త నన్ను ఒకవైపు జరిపి, ఆ చెవికి ఫోన్ ఆనించుకుంది. రెండో చెవి మీద నేను అలాగే ఉన్నాను. నాలో ఎవరిదో బైట్ నడుస్తూనే ఉంది. ఆపాలని ఆమెకు తోచలేదు.

"నాన్నా, నేను" అంది.

అటునుంచి గరగరమంటూ ఒక శ్వాస. ఖాళీ. మళ్లీ శ్వాస. ఖాళీ. ఆ ఖాళీ కొంచెం పొడవైనప్పుడు ఆమె ఎడమచేతి వేలు తనంతట తనే కీబోర్డు మీద ఒక మీట నొక్కింది. రోజంతా నొక్కే మీట. తెర మీద నడుస్తున్న ఎవరిదో వీడియో అక్కడ రెండు ముక్కలైంది.

సువార్త ఆ వేలిని చూసుకుంది. ఫోన్‌లో దీవెన "నాన్నా, నాన్నా" అని పిలుస్తోంది. ఆ తర్వాత ఏడుపు వినిపించింది. సువార్త వేలు మీట మీదే ఉంది.

ఆమె నన్ను తీయడం మరిచిపోయి మెడలో ఉంచుకునే రైలెక్కింది. సమాధుల తోటకు బయలుదేరేముందు ఎవరో చెబితే తీసి సంచిలో పడేసింది. ఆ సంచి పెరటి గుమ్మం పక్కన మేకుకి వేలాడింది. మూడోరోజు ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారి ప్రార్థన, పాటలు, వచ్చినవాళ్లకు భోజనాలు. మేనత్త పెరట్లో చెయ్యి కడుక్కుంటూ పక్కావిడతో అంది, అందరికీ వినపడేలాగే.

"చిన్నదాన్ని చూశావా? కంట్లో చుక్క లేదు. ఉద్యోగం చేసే పిల్లని ఎంత చెప్పుకునేవాడు మా అన్న!"

దీవెన తర్వాత గిన్నెలు తోమేటప్పుడు చెల్లెలివైపు చూడకుండా అంది.

"టీవీలో రోజూ చూసీ చూసీ, మేం కూడా నీకు టీవీలోవాళ్లలాగే కనపడతన్నామా?"

సువార్త తోమిన గిన్నెలు తుడిచి బోర్లించింది. మర్నాడు హైదరాబాదు బయలుదేరేటప్పుడు అక్క గుమ్మందాకా రాలేదు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

తిరిగొచ్చిన రోజే పనిలో కూర్చుంది. తండ్రిని పోగొట్టుకున్న ఒక చిన్నపిల్ల బైట్ వచ్చింది. సువార్త ఎప్పటిలాగే కత్తిరించి పంపింది. పక్క కుర్చీలో గ్రాఫిక్స్ చేసే ఇమ్రోజ్ అదంతా చూశాడు. కాలేజీ రోజుల్లో బ్యాండ్‌లో గిటార్ వాయించిన కుర్రాడు. ఓదార్చడం చేతకాని మనిషి. ఆమె ఫోన్ అడిగి తీసుకుని అందులో ఒక ఆల్బమ్ ఎక్కించి ఇచ్చాడు.

"ఓసారి విను అక్కా. మస్తు గోల ఉంటది. మెటల్. కానీ మామూలు మెటల్ కాదు. వీళ్లు స్టేజీ మీద జనాన్ని చూడరు, తల వంచుకొని బూట్లు చూసుకుంట వాయిస్తరు. అందుకే ఈ రకానికి ఆ బూట్ల పేరే పడ్డది."

"విన్నాక ఏడుపొస్తుందా?"

"ఏమో అక్కా. నాకైతే ఎన్నడూ రాలే."

బహుశా ఆ జవాబు వల్లే ఆమె విన్నదనుకుంటాను. షిఫ్ట్ అయ్యాక మేడమీదికి వెళ్లి, ఏసీ యంత్రాలు రొద పెట్టే చోట గోడకానుకుని కూర్చుని, నన్ను ఫోన్‌కి తగిలించింది.

గిటార్లు ఒక్కసారిగా వచ్చాయి. ఒక్కొక్క తీగ వేరుగా వినపడే గిటార్లు కావు. అన్నీ కలిసిపోయి, మందంగా, కొస ఎక్కడుందో తెలియకుండా పరుచుకున్న మోత. దాని అడుగున డ్రమ్ములు నెమ్మదిగా, బరువుగా పడుతున్నాయి. నా లోపలి పల్చటి పొర అంత గట్టిగా అదరడం అదే మొదలు. రెండు నిమిషాలు కాకముందే ఆమె నన్ను తీసేసింది.

"ఇదేం గోల" అంది ఎవరితోనో అన్నట్టు.

మర్నాడు మళ్లీ అక్కడే కూర్చుంది. ఈసారి ఆపలేదు. మూడో పాటలో అనుకుంటాను, ఆమె మెడ కొంచెం ముందుకు వంగింది. ఆ మోత కింద ఒక ఆడగొంతు ఉంది. చాలా లోతున. మాటలు తెలియవు, ఏ భాషో కూడా తెలియదు. ఆ గొంతు అరవడం లేదు. గిటార్లను దాటి పైకి రావాలని ప్రయత్నించడం లేదు. నిదానంగా, తీయగా, తన రాగం తాను పాడుకుంటూ పోతోంది. మోత పెరిగినప్పుడు మునిగిపోతుంది. తగ్గినప్పుడు, ఇంతసేపూ ఆపలేదని తెలుస్తుంది.

సువార్త ఉద్యోగమే గోలలోంచి గొంతును బయటకి తీయడం. ట్రాఫిక్ హోరు తగ్గించి, జనం కేకలు తగ్గించి, ఏడ్చేవాళ్ల గొంతు పెంచడం. ఇక్కడ ఎవరో కావాలని గొంతును తీసుకెళ్లి గోల కింద పెట్టారు. అలవాటుకొద్దీ ఆమె దాన్ని వేరుచేసి వినాలని చూసింది. కళ్లు మూసుకుని, నన్ను రెండుచేతులా చెవులకు అదుముకుంది. కుదరలేదు. కాసేపటికి ఆ ప్రయత్నం మానేసి, వచ్చింది వచ్చినట్టుగా విన్నది. చివరి పాట సద్దుమణిగేదాకా కదల్లేదు.

కుషన్లు పొడిగానే ఉన్నాయి. సినిమాల్లో అయితే ఇక్కడ ఏడవాలి. ఆమెకు ఏడుపు రాలేదు, మనసు తేలికపడిందని కూడా నేను చెప్పలేను. లోపల అంతా మొద్దుబారిపోయి ఉన్న మనిషికి, అదే బరువున్న వస్తువేదో పక్కన వచ్చి కూర్చున్నట్టుంది. అంతే. మర్నాడూ విన్నది. ఆ పై వారమంతా విన్నది. పాట పేర్లు తెలుసుకోలేదు. ఇమ్రోజ్ "ఎట్లుంది అక్కా?" అని అడిగితే, "ఉంది" అంది.

ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన బైట్ వచ్చింది. ఊరి చివర కడుతున్న గోడ కూలి ఆయన కొడుకు చనిపోయాడు. వెనకాల ఆడవాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. ఆయన మాత్రం స్టీలు గిన్నె ఒకటి పట్టుకుని కెమెరా ముందు నిలబడ్డాడు. పేరు మల్లారెడ్డి అని చెప్పాడు. ఏడవలేదు.

"పొద్దుగాల అన్నం గిన్నె మర్చిపోయిండు సారూ. ఇచ్చిపోదామని వచ్చిన. ఇగో, ఇంకా ఏడిగనే ఉన్నది." మూతమీద అరచెయ్యి పెట్టి చూపించాడు. రిపోర్టర్‌నే అడిగాడు. "ఇప్పుడు దీన్ని ఏం చెయ్యాలె?"

కెమెరా అలాగే నడిచింది. ముసలాయన కూడా జవాబు కోసం అలాగే నిలబడ్డాడు.

సువార్త దాన్ని మళ్లీ మొదటినుంచి విన్నది. ఎక్కడా కత్తిరించలేదు. పట్టాభి వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏడుపేదమ్మా?"

"ఆయన ఏడవలేదు సార్."

"వెనకాల ఆడవాళ్లు ఏడుస్తున్నారుగా. ఆ ఆడియో తీసి ఈయన మీద వెయ్. కాస్త పెంచు."

"ఆయన ఏడవలేదు సార్."

"అదే చెప్తున్నానమ్మా. ఏడవకపోతే జనానికి బాధ ఎలా తెలుస్తుంది?"

సువార్త కుర్చీ తిప్పి అతనివైపు చూసింది. గొంతు పెంచలేదు. "మా నాన్న పోయినప్పుడు నేనూ ఏడవలేదు సార్" అంది.

పట్టాభి గడియారం వైపు చూశాడు. పక్కనుంచి బులెటిన్‌కి టైమైందని కేకలేస్తున్నారు. ముసలాయన ఎలా ఉన్నాడో అలాగే, చివరి ప్రశ్నతో సహా, ఆ ప్రశ్న తర్వాతి నిశ్శబ్దంతో సహా, టీవీలోకి వెళ్లాడు. అంతసేపు ఏ అరుపూ లేకుండా ఉండేసరికి టీవీలు పాడయ్యాయేమోనని కొందరు చూసుకునే ఉంటారు.

ఆ వారం రేటింగులు పెరగలేదు, తగ్గలేదు. అయినా మాట విననందుకు సువార్తను పొద్దుటి రాశిఫలాల కార్యక్రమానికి మార్చారు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. తన రాశి ఏమిటో కూడా ఆమెకు తెలియదు. పన్నెండు రాశులకూ శుభాశుభాలు అతికించడం మొదలుపెట్టింది. జంకు లేదు, విసుగూ లేదు. ఎడిటింగ్ గదికి కొత్త హెడ్‌ఫోన్లు వచ్చినప్పుడు, పాతదాన్ని తీసుకుంటానని అడిగి నన్ను ఇంటికి తెచ్చుకుంది.

చీరాలలో దీవెన ఆ ముసలాయన్ని టీవీలో చూసిందట. చెల్లెలి చానల్ అని ఆ ఇంట్లో ఎప్పుడూ అదే పెట్టేవారు. తండ్రి పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. వెంటనే ఫోన్ చేయలేదు. కొన్నాళ్లు ఆగి, ఒక శనివారం చెప్పాపెట్టకుండా రైలు దిగి సువార్త గదికి వచ్చింది. ఎండు రొయ్యల పొట్లం ఒకటి తెచ్చింది.

ఆదివారం చర్చినుంచి వచ్చాక ఇద్దరూ మంచం మీద చెరోవైపు కూర్చున్నారు.

"ఆ గిన్నె ముసలాయన. అది నువ్వు చేసిందేనా?" అంది దీవెన.

"నేనేం చెయ్యలేదక్కా. అలా వదిలేశానంతే."

"ఊఁ."

కాసేపటికి దీవెన చెయ్యి చాచి నన్ను అందుకుంది. "ఏంటే ఎప్పుడూ ఇది తగిలించుకుని ఉంటావు? ఏం వింటావిందులో?"

సువార్త ఆల్బమ్ పెట్టింది. నేను దీవెన తలకు వదులైతే, తనే సర్ది బిగించింది. మొదటి మోతకు దీవెన ఉలిక్కిపడింది. అయినా తీయలేదు. పాట తర్వాత పాట విన్నది. మధ్యలో ఒకవైపు ఎత్తి అడిగింది.

"ఇందులో ఒక పిల్ల పాడతంది కదే. ఏమంటంది?"

"తెలీదు."

"మరెందుకు వింటావు?"

సువార్త ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. తర్వాత, ఎవరికీ చెప్పని మాట చెప్పింది. నాన్న ఊపిరి ఫోన్‌లో వింటున్నప్పుడు తన వేలు మీట నొక్కిందని. ఇక్కడ కట్ చెయ్యాలి అని ఆ వేలికి తోచిందని. ఆ రోజునుంచీ తను మనిషినో కాదో తెలియడం లేదని. చెప్తున్నంతసేపూ ఆ వేలినే చూసుకుంటూ చెప్పింది.

దీవెన నన్ను తీసి ఒళ్లో పెట్టుకుంది. నాలో గిటార్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"నేనప్పుడు ఏం చేస్తన్నానో తెలుసా?" అంది. "ఫోనులో చార్జింగు ఎంతుందో చూస్తన్నా. ఎర్రగీతకొచ్చింది. నాన్న ఉండగానే ఇది ఆగిపోద్దేమోనని దాన్నే చూస్తన్నా. ఆయన మొహం చూళ్లేదే సువార్తా. చూసేసరికి అయిపోయింది."

సువార్త తల ఎత్తి అక్కను చూసింది.

"మరి అంత ఏడ్చావుగా?"

"ఏడ్చా. ఏడిస్తే చూసినట్టు అవుద్దా?"

ఒకరినొకరు దగ్గరకు తీసుకోవడం, ఓదార్చుకోవడం లాంటివేమీ జరగలేదు. దీవెన ఒళ్లో నేను మోగుతున్నాను. ఆల్బమ్ అయ్యేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. నేను వాళ్ల చెవుల మీద లేను కాబట్టి ఏ మేరకు వినపడిందో చెప్పలేను.

అది ఆగిపోయాక దీవెన లేచి వంటింట్లోకి వెళ్లింది.

"బియ్యం ఎక్కడ పెడతావే?" అని అక్కడినుంచి అడిగింది.

"స్టవ్ కింద, నీలం డబ్బా."

"ఇద్దరికీ సరిపోతాయా ఇవి?"

సువార్త చూడ్డానికి లేచి వెళ్లింది.