తువ్వాల కింది పాట

మా ఆయన ఇనాయత్ నన్నైనా పుట్టింట్లో నెలల తరబడి వదిలేసేవాడు గానీ, ఆ పాటను మాత్రం ఒక్క గడియ వదిలేవాడు కాదు.

బోధన్‌లో మాది పెళ్లి బ్యాండు. ఆయన వాయించేది క్లారినెట్. చక్కెర ఫ్యాక్టరీ బంగ్లాలో మా మామ వంట చేసే రోజుల్లో, అక్కడి ఇంగ్లీషు దొరసాని గ్రామఫోను మీద పెట్టే ఒక పాటను ఈయన వంటింటి గడప దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. అది వాళ్ల పల్లెల పాత పాటని, ఎవరు కట్టారో ఎవరికీ తెలియదని, ఎవరికి తోచిన మాటలు వాళ్లు పెట్టుకుంటారని ఆమె చెప్పిందట. ఈయన చెవికి పాట ఎక్కింది, ఆ మాట ఎక్కలేదు.

దొరలు వెళ్లిపోయాక దాన్ని పెళ్లికూతురిని సాగనంపే పాటగా చేసుకున్నాడు. హిందువుల అప్పగింతలైనా, మా రుఖ్సతైనా, పిల్ల బండి ఎక్కే వేళకు అదే. చివర్లో ఒక మలుపు ఉంటుంది. పైకి పోయిన స్వరం మెల్లగా దిగి, ఆగి, మళ్లీ ఒకసారి వెనక్కి తిరుగుతుంది. అక్కడికొచ్చేసరికి మీసాలు దువ్వే మగాళ్లు కూడా కండువాలు వెతుక్కునేవారు. వేరే బ్యాండువాళ్లు వేళ్లు చూసి పట్టేస్తారని, చేతుల మీద తువ్వాల కప్పుకుని వాయించేవాడు. సొంత శిష్యుడు రఫీక్‌కు కూడా నేర్పలేదు.

"మీ తర్వాత ఎవరు వాయిస్తరు?" అని అడిగితే, "నాకిప్పుడు ఏమైందని?" అని కసిరేవాడు.

ఏమైందంటే, పళ్లు పోయాయి. ముందరి పై పళ్లు ఊడాక ఊదితే ఉత్త గాలే వచ్చింది. పోచంపాడ్ దగ్గర డ్యాము కడుతున్న రోజులవి. ఆ ఏడాదే మా కూతురు అజీజాకు నిజామాబాద్ సంబంధం కుదిరింది.

"అబ్బా, ఊరి పిల్లలందరికీ గా పాట ఊదినవ్. నాకు లేకపోతే ఎట్ల?" అంది అజీజా తండ్రితో.

అప్పుడు కూర్చోబెట్టాడు రఫీక్‌ను. బోసినోటితో ఈయన పాడడం, వాడు తంటాలు పడడం. మొదలు వచ్చింది గానీ మలుపు మాత్రం రాలేదు. ఇన్నేళ్లు దాచి, తీరా ఇవ్వబోతే చెయ్యి జారిపోయింది. నాకు జాలి వేసింది, ఒళ్లూ మండింది.

రుఖ్సతు నాడు అజీజా జీపు మెట్టు మీద కాలు పెట్టింది. రఫీక్ ఊదుతూ మలుపు దాకా వెళ్లి, దారి తప్పి ఆగిపోయాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు. పిల్ల తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకుని భుజం మీది తువ్వాల నలుపుతున్నాడు.

గోడ పక్కన ఆడవాళ్లలోంచి ఒక గొంతు లేచింది. రెంజల్ హన్మవ్వ. మా ఇంటికి ఏటా పసుపు తెచ్చిచ్చే మనిషి.

"పసుపు ఆరింది బిడ్డా, పయనమైంది బిడ్డా..."

అదే పాట. మలుపు దగ్గర గొంతు దిగింది, ఆగింది, వెనక్కి తిరిగింది. పక్కనే నందిపేట్ భూమవ్వ గొంతు కలిపింది, ఆమెవి జోలపాట మాటలు. మాటలు వేరు, మలుపు అదే. రఫీక్ వాళ్ల గొంతుల వెనకాలే ఊదుకుంటూ పోయాడు. అజీజా ఏడుస్తూ, నవ్వుతూ జీపెక్కింది.

దుమ్ము సద్దుమణగక ముందే మా ఆయన హన్మవ్వ మీదికి వెళ్లాడు. "గీ పాట నీకెవలు నేర్పిండ్రు?"

"నువ్వే గదా అన్నా. నా పెండ్లికి ఊదింది నువ్వు గాదా? మా ఊర్ల పసుపు ఉడకబెట్టుకుంట అందరం పాడుతం. బతుకమ్మకు సప్పట్లేసి ఆడుతం."

"నేను తువ్వాల కప్పుకొని ఊదిన!"

"వేళ్ల మీద కప్పుకున్నవే అన్నా. మా చెవుల మీద గాదు గద."

ఆయన అక్కడే అరుగు మీద కూలబడి చాలాసేపు ఏడ్చాడు. కూతురు వెళ్లినందుకు మాత్రమే కాదని నాకు తెలుసు.

తర్వాత భుజం మీది తువ్వాల తీసి, హన్మవ్వ కూర్చోడానికి అరుగు మీద పరిచాడు.

"రఫీక్, ఇటు రా," అన్నాడు. "అవ్వ పాడుతది. మంచిగ విను."