చివర చూడని గేట్‌కీపర్

మా నాన్న ఆసుపత్రి మంచం మీద కుదురుగా కూర్చుంటే ఒట్టు. దుప్పటి కప్పుకుంటాడు, తీసేస్తాడు, లేచి వరండాలోకి తొంగి చూస్తాడు. గుండెకు ఆపరేషన్ అని చెప్పిన దగ్గర్నుంచి ఇదే వరస. కిందటి నెల ఇలాగే చేర్పిస్తే, నేను మందులు తెచ్చేలోపు బస్సెక్కి చక్కా ఇంటికొచ్చేశాడు. ఈసారీ జారుకుంటే గుండె ఊరుకోదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అందుకే ఆయన చెప్పులు నా సంచిలో వేసుకుని కాపలా కూర్చున్నాను. నాకసలే ఓపిక తక్కువ.

ఆయన్ని కూర్చోబెట్టే మందు ఒకటే ఉంది, ఓ పాత సస్పెన్స్ సినిమా. నాన్న సినిమా హాల్లో గేట్‌కీపర్‌గా పనిచేశాడు. చీకట్లో టార్చి వేసి సీట్లు చూపించేవాడు. ఎన్ని సినిమాలు వచ్చి పోయినా ఆయన నోట ఆ ఒక్కటే. నన్ను చేసుకోబోయే అతను మొదటిసారి ఇంటికొస్తే, ఉద్యోగం సంగతి వదిలేసి, ఆ సినిమా చూశావా అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఫోన్‌లో అదే పెట్టి చేతికిచ్చాను. పక్క మంచం మీదున్న, బేకరీ నడిపే ఆయన్ని కూడా నాన్న పిలిచాడు.

"ఇది చూడకపోతే సినిమాలు చూసినట్టే కాదండీ. వాన, బంగళా, మేడ మీద శవం. కింద డాక్టరు, లాయరు, వంటవాడు, డ్రైవరు, నలుగురే ఉంటారు. ఎవరు చంపారో మాత్రం నన్నడక్కండి, చచ్చినా చెప్పను."

"చెప్పకండి. చెప్తే మజా ఏముంది?" అంటూ బేకరీ ఆయన కుర్చీ జరుపుకున్నాడు.

చాలాసేపు నాన్న మంచం దిగలేదు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. తీరా సినిమాలో పోలీసు అధికారి అందర్నీ బంగళా హాల్లో నిలబెట్టి తలుపులు మూయించగానే, నాన్న కాళ్లు కిందికి దింపి చెప్పుల కోసం తడుముకోసాగాడు.

నాకు ఒళ్లు మండింది. "మళ్లీ పారిపోదామనా? చెప్పులు నా దగ్గరున్నాయి. కూర్చో."

"పారిపోవడం కాదే," అన్నాడు, తనకే వింతగా ఉన్నట్టు. "ఈ సీను రాగానే నేను వెళ్లి బయటి గేట్లు తీసి నిలబడాలి. లేకపోతే జనం తోసుకుంటారు. కాళ్లు వాటంతటవే దిగాయి."

"ప్రతి ఆటకీ ఇంతేనా?"

"ప్రతి ఆటకీ."

"అయితే చివర నువ్వెప్పుడూ చూడలేదా? మరి ఊరందరి దగ్గరా చచ్చినా చెప్పనంటావు?"

"తెలిస్తేగా చెప్పడానికి."

"బయటికొచ్చే జనాన్ని అడగొచ్చుగా?"

"గేట్‌కీపరై ఉండి జనాన్ని అడగనా? పరువు పోదూ."

ఇంతలో స్ట్రెచర్ తోసుకుంటూ ఒకతను వచ్చాడు. ముందున్న కేసు త్వరగా అయిపోయిందట, ఇప్పుడే తీసుకెళ్లాలట.

"కాస్త ఆగు బాబూ, చివరికొచ్చింది," అన్నాడు నాన్న.

"డాక్టరుగారు చేతులు కడుక్కుని నిలబడ్డారండీ."

ఫోన్ బేకరీ ఆయన చేతిలోకి వెళ్లింది. స్ట్రెచర్ మీద పడుకున్నాక నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పెయ్యమ్మా. ఎవరు చంపారు?"

చివర అడగొద్దని ఊరందర్నీ హెచ్చరించిన మనిషి, తిరిగి రాననుకుంటేనే కదా ఇలా అడుగుతాడు. ఆ సినిమా నేను నిన్ననే చివరిదాకా చూశాను. చంపింది డాక్టరు. ఆ మాట ఈ మనిషికి ఇప్పుడు ఏ నోటితో చెప్పను?

"డ్రైవరు," అన్నాను.

"డ్రైవరా?" నాన్న మొహం విప్పారింది. "నేనిన్నేళ్లూ ఆ డాక్టర్ని అనుమానించానే. పాపం, ఉత్తి పుణ్యానికి." నా చెయ్యి వదిలేశాడు. "పదవయ్యా. ఇంతకీ నువ్వు చూశావా ఆ సినిమా? తప్పకుండా చూడు." వరండా మలుపు దాకా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

నేను వార్డులోకి తిరిగొచ్చేసరికి బేకరీ ఆయన ఫోన్ మీంచి తలెత్తాడు. "అమ్మా, డ్రైవరు కాదు కదా."

"కాదు," అన్నాను. "మా నాన్న వచ్చి, అబద్ధం చెప్పినందుకు నన్ను నోరారా తిట్టాలి. తిట్టేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."