టాపు కుట్టిన హనీఫ్ మాస్టర్

"టీ గాదు, కాఫీ పెట్టు. సారు బెంగళూరాయన" అని వంటింట్లోకి ఒక కేక వేసి పోయాడు ఓబులేష్. సువర్ణ పొయ్యి మీద పాలు పెట్టి కిటికీలోంచి చూసింది.

గార్లదిన్నె రోడ్డు పక్కన వాళ్ల షెడ్డు ముందు కారు నిగనిగలాడుతోంది. 1956 నాటి అమెరికా షెవర్లే, టాపు మడిచి వెనక్కి తోసేసే రకం. తుప్పుపట్టి వచ్చిన కొత్తలో దాని సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టేవి. రెండున్నరేళ్లు పట్టింది దాన్ని నలుగురి ముందు నిలబెట్టడానికి. ఇంజను మొగుడు ఓబులేషే చేశాడు, కాదనదు. సీట్లు, తలుపుల లోపలి తోలు, ఆ గుడ్డ టాపు మాత్రం సువర్ణ కుట్టింది. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. గుడ్డను ఎంత బిగించాలో, ఎండకు అదెంత ముడుచుకుంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా? వంట ముగించి, అత్తకు మందులిచ్చి, అంట్లు తోమి, అప్పుడు సూది పట్టేది. "కూకోని చేసేది గూడా ఒక పనేనా?" అనేది అత్త రామాంజినమ్మ. వేళ్లకు పోట్లు పడి, అన్నం కలుపుకుంటే కారానికి మంటెత్తేది.

పోయిన వారం ఈ సారు కారు కొంటానని ఫోన్ చేసి టాపు ఎవరు కుట్టారని అడిగితే, "బొంబాయి హనీఫ్ మాస్టర్ సార్" అనేశాడు ఓబులేష్. అట్లాంటి మనిషే భూమ్మీద లేడు. ఇదేంటని నిలదీస్తే, "ఆడమనిషి కుట్టిందంటే ధర పడిపోతాది. సారు దగ్గర ఇంకా మూడు బండ్లు ఉండాయంట. హనీఫ్ పేరు మీద అవి గూడా నువ్వే కుట్టు, నీదేం పోయింది?" అన్నాడు. ఏం పోయిందట!

"టాపు ఒకసారి ఎత్తి చూపించప్పా. అది చూసినాకే బేరం" అంటున్నాడు సారు.

ఓబులేష్ ముఖం మాడిపోయింది. వాన మొహమెరగని ఈ నేల మీద టాపు ఎత్తే పని అతనికి ఎన్నడు పడింది గనక? ఎత్తి సరిచూసింది, దించింది సువర్ణే. తెలిసినవాడిలా వెళ్లి పట్టుకుని గుంజాడు. గుడ్డ కిర్రుమంది. వెనక అద్దం చుట్టూ ఉన్న జిప్పు విప్పకుండా లాగుతున్నాడు! ఇంకో రెండు గుంజులకు మూల కుట్లు పిగిలిపోతాయి. పిగిలిపోనీ, పరువు పోతే పోనీ అనుకుంది. అనుకున్నందుకు తనకే భయమేసింది.

పొయ్యి పక్కన ఫోన్ మోగింది. మొగుడే.

"హనీఫ్ భాయ్! టాపు బిగుసుకున్నాది, ఎట్ల ఎత్తాల?"

ఆ గొంతు ఫోన్లోంచీ కిటికీలోంచీ ఒకేసారి వినపడింది. సువర్ణకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు భగ్గుమంది. కానీ చిరిగేది తన చేతి పని. ఊరుకోలేకపోయింది.

"గుంజద్దు. ముందు వెనక జిప్పు విప్పు. నడిమి కమ్మీ పట్టుకోని మెల్లగా ఎత్తు. ఎడం పక్క కొక్కెం వేసినాకే కుడిది."

"సరే భాయ్, సరే భాయ్."

పద్నాలుగేళ్ల కాపురంలో ఆమె మాటకు ఒక్కనాడూ సరే అనని మనిషి, చెప్పింది చెప్పినట్టు చేశాడు. టాపు లేచి ముందు అద్దం మీద బిగుతుగా కూర్చుంది. సారు చుట్టూ తిరిగి, మూల కుట్టు మీద వేలు రాసి చూశాడు.

"ఏం చేతిపనప్పా ఇది! ఫోన్ ఇట్లియ్యి, మాస్టర్‌తో నేనే మాట్లాడతా. నా మూడు బండ్లూ ఆయనకే."

"సిగ్నల్ లేదు సార్..." అని ఓబులేష్ నసుగుతుండగానే సారు ఫోన్ అందుకున్నాడు. ఓబులేష్ కిటికీ వైపు తిరిగి, ఫోన్ పెట్టెయ్యమని సైగ చేశాడు. కళ్లతో బతిమాలాడు. సువర్ణ బొటనవేలు ఎర్ర గుర్తు మీదే ఉంది. నొక్కితే కారు అమ్ముడుపోతుంది, ఇల్లు ఇట్లాగే నడుస్తుంది. నొక్కకపోతే బేరం చెడుతుందేమో, సాయంత్రానికి ఈ ఇంట్లో ఏం జరుగుతుందో. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా కదల్లేదు.

"హలో, హనీఫ్ మాస్టరా?"

"హనీఫ్ అనేటోడు లేడు సార్. నా పేరు సువర్ణ. ఆ టాపు కుట్టింది నేనే. మీ మూడు బండ్ల మాట ఏదుంటే అది నాతో మాట్లాడండి."