కోట కట్టిన గానుగమ్మ

నేను ఒక గానుగ రాయిని. దేవతనని మీకెవరైనా చెప్పి ఉంటే, అదీ పూర్తిగా అబద్ధం కాదు.

రాళ్లు కొట్టే ఓబన్న నన్ను గుండ్రంగా చెక్కి, నడుమ కన్నం పెట్టాడు. ఆ కన్నంలో దూలం దూర్చి ఎద్దులకు కట్టారు. గుండ్రటి గాడిలో సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోస్తే, వాటిని వెన్నలా నూరడం నా పని. ఈ కొండమీది కోట గోడల్లో నేను నూరని సున్నం లేదు. పేరు మాత్రం రాజుగారిది. పోనివ్వండి, నాకేం కడుపుమంట లేదు.

కోట పూర్తయ్యాక నన్ను గోడ పక్కన వదిలేశారు. రాజులు పోయారు, వాళ్లమీదికి దండెత్తి వచ్చినవాళ్లూ పోయారు. మేకల కాపర్లు నామీద కూర్చుని చుట్టలు కాల్చుకున్నారు. ఆ తర్వాత ఏ పుణ్యాత్మురాలో నా కన్నం చూసి అమ్మవారి కన్ను అనుకుంది. అంతే, గానుగమ్మనైపోయాను. పసుపు, కుంకుమ, ఏడాదికోసారి పొంగలి. చాకిరీ చేసినన్నాళ్లు ఒక్కరూ బొట్టు పెట్టలేదు సుమా!

మొన్నటి వానలకు ఉత్తరపు గోడ పొట్ట ఉబ్బింది. దాని కిందే నాకు పూజ చేసే కోటేశ్వరమ్మ ఇల్లు. ఇంట్లో నిండు చూలాలు కోడలు. వదిలి పోదామంటే మరో చోటు లేదు. ఆ గోడకు సిమెంటు పట్టదు, గానుగ సున్నమే కావాలన్నాడు మరమ్మతుకు వచ్చిన మేస్త్రీ మస్తాన్. చుట్టుపక్కల మిగిలిన గానుగ రాయిని నేనొక్కదాన్నే.

ఊరి పెద్ద పుల్లయ్య అడ్డం పడ్డాడు. "అమ్మవారిని ఎద్దులకు కడతారంటయ్యా? ఊరికి అరిష్టం."

కోటేశ్వరమ్మ వాదించలేదు. "కట్టి చూద్దాం అన్నా. ఇష్టం లేకపోతే అమ్మే చెబుద్ది" అంది.

తెల్లవారి నాకు నీళ్లు పోసి, ఎప్పుడూ లేనంత దళసరిగా పసుపు మెత్తింది. దూలం తగలగానే ఒళ్లు పులకరించింది నాకు. ఎన్నాళ్లకెన్నాళ్లకు! ఒక చుట్టు తిరిగానో లేదో, గాడిలో సున్నం ఎర్రబడింది. జనం బిగుసుకుపోయారు.

"చూశావా అన్నా, అమ్మే ఎర్రనీళ్లు కలిపి ఊరికి దిష్టి తీసింది" అంది కోటేశ్వరమ్మ.

పసుపూ సున్నం కలిస్తే ఎరుపేనని తెలియని ఆడమనిషి ఆ ఊళ్లో లేదు. ఒక్కరూ నోరు మెదపలేదు. పుల్లయ్య భార్య మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుల్లయ్య చెంపలు వేసుకుని, "కానీండి మరి" అన్నాడు.

గోడ నిలబడింది. దాని నీడలోనే కోటేశ్వరమ్మకు మనవరాలు పుట్టింది. పురిటి స్నానం నాడు పాపకు ఎర్రనీళ్లు తిప్పి, వాకిట్లో పారబోసి, ఆమె నా దగ్గరికొచ్చింది. బొట్టు పెడుతూ వంగి, "గుట్టుగా ఉంచవే తల్లీ" అని గొణిగింది.

ఇదిగో, మీకు తప్ప నేనెవరికీ చెప్పలేదు.