సార్‌కి ఎడమ వైపు

బర్నబాస్ సార్ మీద నాకు అనుమానం బాపట్లలో మొదలైంది. అంతకు ముందు ఉన్నది భయం మాత్రమే.

తెనాలిలో ఒక మేడమీద గదిలో ఆయన మాకు దుబాసీ పని నేర్పుతారు. ఒకరు ఇంగ్లీషులో చెప్పింది తెలుగులోకి, తెలుగులో చెప్పింది ఇంగ్లీషులోకి అక్కడికక్కడే మార్చి చెప్పడం. చాలా ఏళ్ళు స్కూల్లో ఇంగ్లీషు చెప్పారు. సువార్త సభల్లో బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుల పక్కన నిలబడి అనువాదం చేశారు. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, తెలుగులో చివరిదాకా ఆగాలి, ఆ ఆగడమే మన చదువు అంటారు. నోట్సు పేజీని నిలువుగా రెండు చేసి, బాణాలతో గుర్తులతో రాసుకోవడం ఆయన నేర్పిందే. మొదటి రోజు బోర్డు మీద రాసింది ఒక్కటే. విన్నది వదలకు, విననిది చేర్చకు.

నేను చెరుకుపల్లి దగ్గర పల్లెటూరి బడిలో చదివాను. పాఠం చెప్పేటప్పుడు ఆయనకి ఎడమ వైపున పడే ఆఖరి బెంచీ నాది. మూడుసార్లు ధైర్యం చేసి జవాబు చెప్పాను. మూడుసార్లూ ఆయన నా వైపు చూడకుండానే పక్కవాళ్ళని అడిగారు.

"నీ గొంతు నీ డైరీకి తప్ప ఎవరికీ వినపడదే తనూజా," అని పక్క బెంచీ వీణ నవ్వింది. నాకు మాత్రం ఆయన కావాలనే చేశారనిపించింది. హైదరాబాదులో భాషాశాస్త్రం చదవాలంటే ఆయన రాసిచ్చే సిఫారసు ఉత్తరం కావాలి. నా పేరైనా ఆయనకి గుర్తుందో లేదో.

జూలైలో కలకత్తా నుంచి డాక్టర్ మిత్ర గారు వచ్చారు. చేలల్లో పురుగుమందు కొట్టినప్పుడు కూలికెళ్ళే ఆడవాళ్ళకి ఏమవుతోందో వాళ్ళ నోటే విని రాసుకోవాలని. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. మాట మార్చడం సార్ పని. చూసి నేర్చుకోవడానికి ఆయన వెంట ఒక్కొక్కరం రెండేసి రోజులు వంతులవారీగా వెళ్ళాలి. బాపట్ల, రేపల్లె నా వంతుకి వచ్చాయి.

బాపట్లలో సభకి అరగంట ముందు సార్ ఆడవాళ్ళని ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి ఏం చెప్పబోతున్నారో అడిగారు. పరీక్షకి ముందే ప్రశ్నలు బయటికొచ్చినట్టు అనిపించింది నాకు. సభలో నేను ఎడమ సగంలో ఆడవాళ్ళు చెప్పింది, కుడి సగంలో సార్ చెప్పింది రాసుకున్నాను. ఒకామె చేతుల మీద బొబ్బల గురించి, పనికి పోలేని వారం గురించి, పాలు మానేసిన పసిబిడ్డ గురించి చెప్పింది. సార్ బొబ్బల గురించే చెప్పారు. వరండాలో ఆమె చెప్పింది అదొక్కటే. నా పేజీలో ఎడమ వైపు పదకొండు గుర్తులు, కుడి వైపు నాలుగు.

సార్‌కి కుడి పక్క కుర్చీలో బసవపున్నయ్య గారు. రేపల్లె దగ్గర పెద్ద రైతు, సార్‌కి పాత స్నేహితుడు. మమ్మల్ని తిప్పే కారు ఆయనది, ఆడవాళ్ళని పోగుచేసిందీ ఆయనే. సార్‌తో ఏం మాట్లాడాలన్నా చెవి దగ్గరికి వంగి చెప్పేవారు. అందరి ముందూ చెప్పకూడనిది అంత ఏముంటుంది?

ఆ సాయంత్రం డైరీలో రాశాను: సార్ రైతుల వైపు. ఎవరైనా చూస్తారని 'సార్' అనే పదం కొట్టేసి దాని చోట బాణం గుర్తు పెట్టాను.

మర్నాడు రేపల్లెలో చర్చి పక్క హాల్లో చాపలు పరిచారు. లక్ష్మమ్మ అనే ఆమె ఆటో దొరక్క ఆలస్యంగా వచ్చింది. సార్ ముందుగా మాట్లాడింది మిగతావాళ్ళతోనే. బసవపున్నయ్య గారు లేచి, "ఇటు రా లక్ష్మమ్మా, ఈ పక్కన కూర్చో," అని సార్‌కి ఎడమ వైపు చివర చూపించారు. కుడి వైపు చాప సగం ఖాళీగానే ఉంది.

లక్ష్మమ్మ తల ఎత్తకుండా, నెమ్మదిగా చెప్పింది. "మేం కలుపు తీస్తుంటే పైన ఆ ఎగిరే మిషను మందు కొట్టుకుంటా తిరుగుద్దమ్మా. గట్టెక్కిందాకా ఆగమంటే ఆగరు. మొన్న ఈ అయ్యగారి చేలోనే మా కోడలు వాంతులు చేసుకోని పడిపోయింది. ఇంకా మంచం దిగలా."

సార్ ఒక్క క్షణం ఆగి, మిత్ర గారి వైపు తిరిగి, ఈమెకి నడుం నొప్పి ఉందనీ తాగే నీళ్ళు దూరమనీ ఇంగ్లీషులో చెప్పారు.

మిగతా ఆడవాళ్ళు చెప్పింది అదే. మిత్ర గారు అదే రాసుకుని తర్వాతి ఆమె వైపు చూశారు. ఆవిడకి ఆ సాయంత్రమే రైలు. ఆ కోడలి సంగతి ఆ కాగితం మీదికి ఎక్కకపోతే ఇంక ఎక్కడికీ ఎక్కదు. నేను నోరు విప్పితే నా ఉత్తరం పోతుంది.

లేచి నిలబడ్డాను. ఆమె అలా చెప్పలేదండి అని ఇంగ్లీషులో అన్నాను. తర్వాత లక్ష్మమ్మ మాటలు ఒక్కొక్కటే, మిషనూ గట్టూ వాంతులూ, అది బసవపున్నయ్య గారి చేనని కూడా, ఏదీ వదలకుండా చెప్పాను. మిత్ర గారు కలం ఆపకుండా రాశారు. కోడలి పేరు అడిగారు. నేను లక్ష్మమ్మని అడిగి చెప్పాను. స్వర్ణలత.

బసవపున్నయ్య గారు ఫోను చూసుకుంటూ బయటికి వెళ్ళారు. సార్ నా వైపు మొహం తిప్పారు. కోపం లేదు. ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉన్నారు.

"ఏమన్నావమ్మా? ఇటు వచ్చి చెప్పు," అన్నారు, కుడి వైపు చూపిస్తూ.

అప్పుడు నాకు ఆఖరి బెంచీ గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణంలో కారు లేదు. తెనాలి రైలెక్కాం. ఎడమ చెవి పోయి రెండేళ్ళయిందని సార్ చెప్పారు. సభల్లో ప్రసంగీకుడితో ముందురోజే కూర్చునే అలవాటు కాబట్టి నెట్టుకొచ్చారట. ఇక్కడా అలాగే నెట్టుకు రావచ్చనుకున్నారు. తెలిస్తే ఎవరూ పిలవరు.

"నీ ఉత్తరం రేపే రాసిస్తాను. ఈ సంగతి మాత్రం నీ దగ్గరే ఉంచమ్మా."

ఆయన మంచితనం మీద నాకున్న అనుమానం తగ్గింది. దాని చోట్లోకి ఇంకొకటి వచ్చింది.

"బసవపున్నయ్య గారికి తెలుసా అండీ, మీకు ఎడమ చెవి వినపడదని?"

సార్ కళ్ళద్దాలు తీశారు. వేమూరు స్టేషన్ వచ్చి వెళ్ళింది. ఆయన వాటిని తుడుచుకుంటూనే ఉన్నారు.

నేను కూర్చున్నది ఆయనకి కుడి వైపే.