పడుగు మీద గంజి

చింతగింజల గంజి వాసన బీరమ్మకు పెండ్లయిన ఎనిమిదేండ్లలో ఒక్కనాడూ అలవాటు కాలేదు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించేసరికి ఆ పులిసిన కంపు జుట్టులోకి, గోళ్ళలోకి దిగిపోతుంది. ఉన్ని కడిగేదీ, ఏకేదీ, వడికేదీ ఆమే. మగ్గం ముందు కూర్చుని గొంగడి నేసేది మాత్రం మొగుడు మల్లప్ప. అందుకే ఊరంతా దాన్ని మల్లప్ప గొంగడి అంటుంది.

ఆ పొద్దున వాకిట్లో గుంజల మధ్య మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగు సాగదీసి కుంచెతో గంజి పూస్తోంది. మధ్యలో ఆపడానికి లేదు. తడి మీదే దువ్వి పోగుకు పోగు విడదీయకపోతే పడుగంతా అట్టకట్టి నెల రోజుల వడుకు మట్టిపాలవుతుంది. అరుగు మీద మల్లప్ప, పక్కింటి చెన్నయ్య కూర్చున్నారు. గొర్రెల బేరగాడి వెంట రైలెక్కి బొంబాయి పోయిన మల్లప్ప, తిరిగొచ్చిన మూడు రోజులుగా అదే ముచ్చట చెబుతున్నాడు.

"దీపాలు పెట్టినంక సముద్రం ఒడ్డుకు పోవాలె చెన్నయ్యా. పెద్ద పెద్ద హోటళ్ళల్ల బాజాలు మోగుతయి. మనల్ని లోపలికి రానియ్యరు గని, బయట నిలవడ్డా ఇనవడతది. గా ఎనక గల్లీల మేడ మీద పాటకచేరి. ఒకామె పాడుతది... అబ్బ, ఏం గొంతు! యాభైమంది మగోళ్ళం కూసుంటే ఒక్కడు దగ్గలే. నేనైతే నా దస్తీ ఇసిరిన."

"నీకు జరంత సిగ్గు లేదు," చెన్నయ్య నవ్వాడు.

"సిగ్గెందుకు? గొంతు దేవుడిచ్చింది. దాసిపెడితే పాపం."

ఆ మాట చెవిన పడగానే బీరమ్మ కుంచె ఆపింది. ఐదేండ్ల కింద మరిది పెండ్లిలో పసుపు దంచుతూ ఆమె పాట ఎత్తుకుంటే వాకిట్లో మగవాళ్ళు మాటలాపి విన్నారు. ఇంటికొచ్చాక ఇదే నోటితో మల్లప్ప ఏమన్నాడు? "నీ గొంతు మెచ్చినోడు నిన్ను మెచ్చినట్టే. ఇంకోసారి నోరు తెరిస్తే నాలుక కోస్త." అత్త భద్రమ్మ మెత్తగానే చెప్పింది. "నా కొడుకు మర్యాద నీ నోట్లె ఉంది బిడ్డా." ఆనాటి నుంచి విసుర్రాయి దగ్గర కూడా ఆమె గొంతు విప్పలేదు. తన గొంతులోనే ఏదో పాడు ఉందని, సంసారి ఆడదానికి ఉండరాని గొంతని ఐదేండ్లు నమ్మింది. నమ్మినందుకు ఇప్పుడు తన మీద తనకే రోత పుట్టింది.

ఈ రోజు పుట్టినూరు పానగల్‌లో చెల్లెలు జంగమ్మకు పసుపు దంచుతారు. పెద్దబిడ్డ పాట ఎత్తుకున్నాకే రోకలి లేవాలన్నది పుట్టింటి రివాజు. నాయిన రెండుసార్లు కబురు పంపాడు. మల్లప్ప తేల్చేశాడు. "పెండ్లినాడు పోదాం. గీ పసుపు దంచుడుకు పోతే నువ్వు ఊకుంటవా? అయినా పడుగు పని ఎవలు చేస్తరు?"

"ఏమే, గంజి ఆరిపోతాంది! చేతులు ఆగినయేంది?" అరుగు మీది నుంచి మల్లప్ప అరిచాడు.

తలెత్తి చూసింది. వక్కాకు రసంతో ఎర్రబడ్డ పెదవులు, ఆ మేడ తలచుకుంటూ ఇంకా నవ్వుతున్న కళ్ళు. గంజి కంపే నయమనిపించింది. కుంచె కుండలో పడేసి, తొట్టి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది. లోపలికి పోయి తల దువ్వుకుని, కొంగు దోపుకుని మళ్ళీ వాకిట్లోకి వచ్చింది.

"పడుగు నడుమ ఇడిసి యాడికి బిడ్డా?" గుమ్మంలోంచి భద్రమ్మ అడిగింది.

"పానగల్‌కు అత్తా. చెల్లె పసుపు దంచాలె."

మల్లప్ప అరుగు దిగాడు. "గిది అట్టగడితే?"

"నువ్వు దువ్వు."

"ఆడికి పోయి నోరు తెరిసినవనుకో..."

బీరమ్మ అతని మాట పూర్తికానివ్వలేదు. అతని వైపు చూడనూ లేదు.

"చెన్నయ్య బావా, పాట ఇననీకె బొంబాయి దాక ఎందుకు? ఇయ్యాల పానగల్ రా. నేను పాడుతున్న."